ఇగ్నోలో డిగ్రీ, పీజీ దరఖాస్తు: పేరు సరిచూసుకోవడం నుంచి తొలి అసైన్‌మెంట్ దాకా

కాగితాలన్నీ పక్కన పెట్టుకుని కూర్చుంటే ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) దరఖాస్తు గంటలో అయిపోతుంది. చివరి తేదీ నాడు చాలామంది ఆగిపోయేది ఫారం దగ్గర కాదు. ఫారం తెరవడానికి ముందే చేతిలో ఉండాల్సిన రెండు ఐడీల దగ్గర, ఆ ఐడీల్లో పడే పేరు దగ్గర ఆగిపోతారు. కాబట్టి ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది తెలుసుకుని మొదలుపెట్టండి.

ప్రోగ్రాము ఎంచుకునే ముందు

ఇగ్నో ఏడాదికి రెండుసార్లు, జనవరి సెషన్‌కూ జూలై సెషన్‌కూ, అడ్మిషన్లు తీసుకుంటుంది. ఇగ్నో అయినా మరో విశ్వవిద్యాలయమైనా ముందు విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) దూరవిద్యా బ్యూరో (డీఈబీ) వెబ్‌సైట్ డీఈబీ డాట్ యూజీసీ డాట్ ఏసీ డాట్ ఇన్ తెరిచి మూడు విషయాలు చూడాలి: విశ్వవిద్యాలయం పేరు, మీరు చేరబోయే ప్రోగ్రాము పేరు, మీరు చేరే సెషన్. మూడూ ఒకే వరుసలో కనిపించాలి. విశ్వవిద్యాలయానికి గుర్తింపు ఉంది కదా అని దాని ప్రతి కోర్సుకూ ఉంటుందనుకోవద్దు. గుర్తింపు ఇచ్చేది ప్రోగ్రాముల వారీగా, సెషన్ల వారీగా. "మా సెంటర్‌లో ఫీజు కట్టండి, మిగతాదంతా మేం చూసుకుంటాం" అనే ఏజెంట్ల దగ్గర మొదటికే మోసం వచ్చేది ఇక్కడే. దూరవిద్యలో ఫ్రాంచైజీ పద్ధతికి అనుమతి లేదు, ఫీజు నేరుగా విశ్వవిద్యాలయానికే కట్టాలి.

ఇలా గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీ, రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2020 నిబంధనలే చెబుతున్నాయి. ఇంజనీరింగ్, మెడిసిన్, ఫార్మసీ, లా, ఆర్కిటెక్చర్ లాంటివి మాత్రం దూరవిద్యలో లేవు, ఎవరైనా ఇస్తామన్నా తీసుకోవద్దు. రెగ్యులర్‌గా ఒక డిగ్రీ చదువుతూ దూరవిద్యలో రెండోది చదవడానికి 2022 ఏప్రిల్‌లో యూజీసీ వీలు కల్పించింది. పీహెచ్‌డీకి ఆ వెసులుబాటు వర్తించదు.

బోధన మాధ్యమం గురించి ఒక మాట. ఇగ్నో పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లిష్‌లో, హిందీలో ఉంటాయి. డిగ్రీని తెలుగులో చదివి తెలుగులో పరీక్ష రాయాలనుకుంటే హైదరాబాద్‌లోని డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మీకు సరిపోతుంది. 1982లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. దాని తొలి వైస్ ఛాన్సలర్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డే 1985లో ఇగ్నోకు కూడా తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. కింద చెప్పే ఐడీల పని అక్కడైనా తప్పదు.

ఇక గంటల లెక్క. ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. ఏడాదికి 32 క్రెడిట్లుండే ఎంఏ తీసుకుంటే 960 గంటలు. 52 వారాలకు పంచితే వారానికి పద్దెనిమిదిన్నర గంటలు పడుతుంది. చదవడం, అసైన్‌మెంట్లు రాయడం, కౌన్సెలింగ్ (సందేహాలు తీర్చే) తరగతులు అన్నీ అందులోవే. చివరి తేదీకి చేరి, పుస్తకాలు ఆలస్యంగా అంది, చేతిలో 40 వారాలే మిగిలితే అదే చదువు వారానికి 24 గంటలవుతుంది. ఉద్యోగం చేసేవారికి ఈ ఐదున్నర గంటల తేడా చిన్నది కాదు. అందుకే అడ్మిషన్ పోర్టల్ తెరిచిన మొదటి వారాల్లోనే చేరమని గట్టిగా చెబుతున్నాం.

పేరు, పుట్టిన తేదీ

ఇక్కడ కొంచెం నిలబడి చూడాలి. పదో తరగతి మెమోలో "కె. శ్రావణి" అని ఉంటుంది. ఇంటర్ మెమోలో "శ్రావణి కె". ఆధార్‌లో "కొమ్మినేని శ్రావణి", పెళ్లయ్యాక అత్తింటి పేరుతో మార్చుకుని ఉంటే "బొడ్డు శ్రావణి". మనకు అందరూ ఒక్క మనిషే. కంప్యూటర్‌కు నలుగురు. మీ ఐడీల్లోకి పేరు, పుట్టిన తేదీ ఆధార్ నుంచి వస్తాయి. మీరు అప్‌లోడ్ చేసే మెమోలు బోర్డు రికార్డు నుంచి వస్తాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసేవారికి తేడా కనిపిస్తే దరఖాస్తు అభ్యంతరంతో వెనక్కి వస్తుంది.

ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, మరోచోట పూర్తిగా ఉండి, తండ్రి పేరూ పుట్టిన తేదీ కలిస్తే ఇబ్బంది తక్కువ. ఇంటిపేరే మారితే, పుట్టిన తేదీలో ఏడాదో నెలో తేడా ఉంటే మాత్రం ముందే సరిచేసుకోవాలి. సాధారణంగా మార్చుకోవాల్సింది ఆధారే, పదో తరగతి మెమో కాదు. బోర్డు రికార్డు దిద్దించడం నెలల తరబడి సాగే పని. ఆధార్‌లో అయితే ఎస్ఎస్‌సీ మెమోనే ఆధారంగా చూపించి మార్చుకోవచ్చు. కాకపోతే జీవితంలో పేరును రెండుసార్లు, పుట్టిన తేదీని ఒక్కసారి మాత్రమే మార్చుకునే వీలుంది. కాబట్టి తొందరపడి నెట్ సెంటర్‌లో ఏదో ఒక స్పెల్లింగ్ చెప్పి రావద్దు. మెమో తీసుకెళ్లి అక్షరం అక్షరం చూపించి రాయించండి. పెళ్లి తర్వాతి ఇంటిపేరునే ఉంచుకోవాలంటే వివాహ ధ్రువీకరణ పత్రం దగ్గర పెట్టుకోండి. అడ్మిషన్‌లో ఏ పేరు పడితే డిగ్రీ పట్టా మీద అదే పడుతుంది. ఆ తర్వాత మార్చాలంటే అఫిడవిట్లు, పత్రికా ప్రకటన, గెజిట్ అంటూ ఖర్చు తడిసి మోపెడవుతుంది.

రెండు ఐడీలు

మొదటిది ఏబీసీ ఐడీ, అంటే మీరు సంపాదించే క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబర్, 12 అంకెలుంటుంది. డిజీలాకర్ యాప్‌లో ఆధార్‌తో లాగిన్ అయి, అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అని వెతికి తీసుకోవాలి. మీకు ఇప్పటికే అపార్ ఐడీ (విద్యార్థులకిచ్చే గుర్తింపు సంఖ్య) ఉంటే అదే పనికొస్తుంది, ఇంకోటి కోసం ప్రయత్నించవద్దు. ఆధార్‌కు లింకైన మొబైల్ నంబర్ మీ చేతిలో ఉండాలి. ఓటీపీ దానికే వస్తుంది.

రెండోది డీఈబీ ఐడీ. 2024 సెప్టెంబరు నుంచి దూరవిద్య, ఆన్‌లైన్ ప్రోగ్రాముల్లో చేరే భారతీయ విద్యార్థులందరికీ ఇది తప్పనిసరి అయింది. పైన చెప్పిన డీఈబీ వెబ్‌సైట్‌లోనే, ఏబీసీ ఐడీ ఇచ్చి దీన్ని సృష్టించుకోవాలి. అందుకే ఏబీసీ ముందు, డీఈబీ తర్వాత. తలకిందులుగా కుదరదు. ఒకసారి తీసుకున్న డీఈబీ ఐడీ జీవితాంతం పనిచేస్తుంది, రేపు మరో విశ్వవిద్యాలయంలో చేరినా ఇదే ఇవ్వాలి. స్క్రీన్ మీద ఐడీ రాగానే స్క్రీన్‌షాట్ తీసి, కాగితం మీద కూడా రాసిపెట్టుకోండి.

ఫారం

అడ్మిషన్ పోర్టల్ ఇగ్నోఅడ్మిషన్ డాట్ సమర్థ్ డాట్ ఈడీయూ డాట్ ఇన్. రిజిస్టర్ అయ్యేటప్పుడు మీ సొంత ఈమెయిల్, సొంత నంబరే ఇవ్వాలి. నెట్ సెంటర్లో పని త్వరగా తెమలాలని అక్కడివాళ్లు తమ మెయిల్ వేసేస్తుంటారు. రెండు నెలల తర్వాత "మీ సర్టిఫికెట్ స్పష్టంగా లేదు, మళ్లీ అప్‌లోడ్ చేయండి" అని ఇగ్నో పంపే సందేశం ఆ మెయిల్‌కే వెళ్తుంది. మీకు తెలిసేసరికి గడువు దాటిపోతుంది. టైపింగ్ ఎవరు చేసినా సరే, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మీ దగ్గర ఉండాలి.

ప్రోగ్రాము వివరాల్లో ప్రాంతీయ కేంద్రం అడుగుతుంది. తెలుగు రాష్ట్రాల్లో హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం ప్రాంతీయ కేంద్రాలున్నాయి. ఆ తర్వాత స్టడీ సెంటర్, అంటే కౌన్సెలింగ్ తరగతులు జరిగే చోటు. జాబితాలో మీ ఊరి కాలేజీ కనిపించకపోతే ఆ ప్రోగ్రాము అక్కడ నడవడం లేదని అర్థం. ప్రాక్టికల్స్ ఉన్న సైన్స్ కోర్సులైతే బస్సు దూరం కూడా లెక్కేసుకోండి, ఎందుకంటే ప్రాక్టికల్స్‌కు వరసగా కొన్ని రోజులు వెళ్లాలి. సబ్జెక్టుల పేజీలో ఒక్కో కోర్సు కోడ్ చదివి టిక్ పెట్టండి. తర్వాత మార్చుకోవాలంటే దానికో గడువు, దానికో ఫీజు ఉంటాయి.

పుస్తకాలు అచ్చువి కావాలా, డిజిటల్‌వి చాలా అని కూడా అక్కడే అడుగుతారు. డిజిటల్ చాలంటే ఫీజులో 15 శాతం తగ్గింపు దొరుకుతుంది. ఫోన్‌లో గంటల తరబడి చదవలేమనుకునేవాళ్లు ఆ తగ్గింపుకు ఆశపడొద్దు, జిరాక్స్‌లకు అంతకంటే ఎక్కువే పోతుంది.

అప్‌లోడ్‌కు ఫొటో, సంతకం సాధారణంగా 100 కేబీ లోపు, సర్టిఫికెట్లు 200 కేబీ లోపు ఉండాలి. ఆ రోజు ఫారంలో చూపించే పరిమితినే పాటించండి. సైజు తగ్గించే తొందరలో మెమోలోని హాల్ టికెట్ నంబర్, మార్కులు చదవలేనంత మసకబారడం చాలా మామూలుగా జరిగే పొరపాటు. కుదించాక ఒకసారి తెరిచి, మీరు చదవగలుగుతున్నారో లేదో చూడండి. సంతకం తెల్ల కాగితం మీద నల్ల పెన్నుతో చేయాలి. పీజీకి డిగ్రీ చివరి సెమిస్టర్ షార్ట్ మెమో ఒక్కటే పెడితే అభ్యంతరం వస్తుంది. కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్ సర్టిఫికెట్ సిద్ధం చేసుకోండి. కుల ధ్రువీకరణ పత్రాన్ని తెలంగాణలో మీసేవ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయం నుంచి తీసుకోవాలి. ఎస్సీ, ఎస్టీలకు ఫీజు మినహాయింపు కొన్ని ప్రోగ్రాములకే, అదీ ఒక్క దరఖాస్తుకే. రెండింటికి పెడితే రెండూ తిరస్కరిస్తారు.

ఫీజు కట్టేటప్పుడు డబ్బు కట్ అయి, స్టేటస్ మారకపోతే వెంటనే మళ్లీ కట్టవద్దు. ఒక రోజు ఆగి, లాగిన్ అయి చూడండి. అప్పటికీ పడకపోతేనే రెండోసారి.

అడ్మిషన్ ఖరారయ్యాక

ప్రాంతీయ కేంద్రం పరిశీలన అయ్యాక ఎన్‌రోల్‌మెంట్ నంబర్ వస్తుంది, ఐడీ కార్డు పోర్టల్ నుంచి దింపుకోవచ్చు. పని పూర్తయిందని చాలామంది అనుకునేది అప్పుడే. నిజానికి మార్కులు మొదలయ్యేది అసైన్‌మెంట్లతో. చాలా ప్రోగ్రాముల్లో వాటికి 30 శాతం, పరీక్షకు 70 శాతం మార్కులుంటాయి. డిగ్రీలో రెండింటిలోనూ విడివిడిగా 35 శాతం, పీజీలో 40 శాతం రావాలి. మీ సెషన్ అసైన్‌మెంట్ ప్రశ్నపత్రాన్నే దింపుకోవాలి. నిరుటి ప్రశ్నలకు రాసిన జవాబులు చెల్లవు. చేతిరాతతో రాసి, మొదటి పేజీలో ఎన్‌రోల్‌మెంట్ నంబర్, ప్రోగ్రాము కోడ్, కోర్సు కోడ్, స్టడీ సెంటర్ కోడ్ వేసి ఇవ్వండి. రసీదు, ఒక జిరాక్స్ దాచుకోండి. పరీక్ష పాసైనా అసైన్‌మెంట్ మార్కులు ఎక్కకపోతే గ్రేడ్ కార్డులో ఆ కోర్సు పూర్తికానట్టే చూపిస్తుంది. అప్పుడు మీ చేతిలో సాక్ష్యం ఆ రసీదే.

ఏడాది పద్ధతి ప్రోగ్రాముల్లో జూలైలో చేరినవాళ్లు మరుసటి జూన్‌లో, జనవరిలో చేరినవాళ్లు అదే డిసెంబరులో తొలి పరీక్ష రాస్తారు. పరీక్ష ఫారం తనంతట తాను పడదు. కోర్సుకింత చొప్పున ఫీజు కట్టి విడిగా నింపాలి. రెండో ఏడాదికి రీ-రిజిస్ట్రేషన్ కూడా అంతే. మొదటి ఏడాది పేపర్లు మిగిలినా, పరీక్షే రాయకపోయినా రీ-రిజిస్ట్రేషన్ చేసుకోవచ్చు, మిగిలినవి తర్వాత రాసుకోవచ్చు. రెండేళ్ల ఎంఏకు నాలుగేళ్లు, మూడేళ్ల డిగ్రీకి ఆరేళ్లు గరిష్ఠ గడువు. ఫలితాలు వచ్చాక చూద్దాంలే అని రీ-రిజిస్ట్రేషన్ గడువు దాటించుకుంటే మాత్రం తర్వాతి సెషన్ దాకా, అంటే ఆరు నెలలు, ఆగాల్సిందే.