సస్పెన్షన్ మార్చారా? స్నోమొబైల్ బయటికి తీసేముందు ట్రాక్ టెన్షన్ మళ్ళీ కొలవండి

మంచు ఇంకా సరిగా పట్టనే లేదు, తెలిసిన మనిషి ఒకాయన అప్పుడే ఆసుపత్రి పాలయ్యాడు. సీజన్ లేని నెలలన్నీ గ్యారేజీలో కూర్చుని తన స్నోమొబైల్ (ముందు స్కీలు, వెనక గుండ్రంగా తిరిగే రబ్బరు ట్రాక్ ఉన్న మంచు బండి) సస్పెన్షన్ మార్చుకున్నాడు. ట్రాక్ లోపలి వెనక చక్రాలు పెద్దవి వేశాడు, ట్రాక్ సస్పెన్షన్‌కి ముందు స్ప్రింగ్ గట్టిది పెట్టాడు, సస్పెన్షన్ ముందు భాగం ఎంత కిందికి దిగాలో ఆపే పట్టీని, అదే లిమిటర్ స్ట్రాప్‌ని, ఒక రంధ్రం జరిపాడు. పనికి వంక పెట్టలేం, ప్రతి నట్టూ టార్క్ రెంచితోనే బిగించాడు. గడ్డకట్టిన బాట మీద మంచి వేగంలో ఉండగా ట్రాక్ ఒక్కసారిగా పట్టేసింది. మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరిపడ్డాడు, భుజం దగ్గర ఎముక విరిగింది.

బండి పక్కకి వంచి చూశాం. ఒక పక్క స్లయిడ్ అనే ప్లాస్టిక్ పట్టీ కరిగి, ట్రాక్ లోపలి అల్యూమినియం రెయిల్ మీంచి ఊడి, చక్రానికీ ట్రాక్‌కీ మధ్య ఇరుక్కుని ఉంది. క్లిప్పుల మీద నల్లటి ప్లాస్టిక్ పూత పట్టేసింది. రెయిల్ అంచున అల్యూమినియం గీసుకుపోయి మెరుస్తోంది. అన్నీ మార్చినవాడు ఒక్క పని చెయ్యలేదు. మార్చాక ట్రాక్ టెన్షన్, అంటే ట్రాక్ బిగుతు, మళ్ళీ కొలవలేదు.

ఇదే తప్పు చేసి బండ్లు పాడుచేసుకున్నవాళ్ళని ఏటా చూస్తున్నాను. అందుకే రాస్తున్నాను. హెల్మెట్ పెట్టుకోండి, పల్చటి ఐసు మీదికి పోకండి లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

స్లయిడ్ ఎందుకు కరుగుతుంది

స్లయిడ్ అంటే రెయిల్ అడుగున తొడిగే ప్లాస్టిక్ పట్టీ. అది చాలా గట్టి రకం పాలిథిలీన్. ట్రాక్‌కి ఉన్న ఇనుప క్లిప్పులు దాని మీద రాసుకుంటూ తిరుగుతాయి. మధ్యలో నూనె ఉండదు, గ్రీజు ఉండదు. ట్రాక్ లేపే మంచుపొడే అక్కడ నీరై జారుడూ ఇస్తుంది, చల్లగానూ ఉంచుతుంది. ఆ మంచు అందకపోతే రాపిడి వేడి ఎక్కడికీ పోదు. సుమారు 130 డిగ్రీల సెల్సియస్ దాటితే ఈ ప్లాస్టిక్ కరుగుతుంది, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. మెత్తబడ్డాక క్లిప్పు దాన్ని చెక్కుకుంటూ పోతుంది.

అంటే స్లయిడ్ అరుగుదల మూడు సంగతుల మీద ఆధారపడి ఉంటుంది: ఎంత మంచు అందుతోంది, క్లిప్పులు ఎంత బలంగా నొక్కుతున్నాయి, ఆ ఒత్తిడి పట్టీ పొడవునా పంచుకుందా లేక ఒకేచోట పడుతోందా. మంచు మన చేతిలో లేదు. మిగతా రెండూ మన రెంచి చేతిలో ఉన్నాయి. సస్పెన్షన్ మార్చినప్పుడల్లా ఆ రెండూ మారతాయి.

పాత స్లయిడ్‌ని చదవండి

ఏ మార్పు చేసే ముందైనా పాత స్లయిడ్ లాగి బయటికి తియ్యండి. పారెయ్యకండి. ముందు వంపు దగ్గర, ముందు చెయ్యి (రెయిల్‌ని బండికి కలిపే ముందు ఆర్మ్) బిగించిన చోట, మధ్యలో, వెనక, ఇలా నాలుగైదు చోట్ల మందం కొలిచి కాగితం మీద రాసుకోండి. పట్టీ పొడవునా సమంగా అరిగితే సస్పెన్షన్ తప్పు లేదు, మంచు తక్కువున్న చోట ఎక్కువ నడిపారంతే. ముందు చెయ్యి ఉన్నచోట గుంట పడితే ముందు స్ప్రింగ్ ప్రీలోడ్ (స్ప్రింగ్‌ని ముందే నొక్కి పెట్టిన బిగుతు) ఎక్కువైందని అర్థం. స్కీల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలికవ్వాలని చాలామంది ఆ స్ప్రింగ్‌నే బిగిస్తారు. తేలికవుతుంది నిజమే, ఆ బరువంతా పోయి స్లయిడ్‌లో ఒక్క జానెడు మేర మీద కూర్చుంటుంది. లోపలి అంచు ఒక పక్కే కోసుకుపోయి ఉంటే ట్రాక్ వంకరగా తిరుగుతోంది. సన్నటి పొడవాటి గాట్లు కనిపిస్తే క్లిప్పు ఏదో వంగిందో విరిగిందో. కొత్త పట్టీ తొడిగే ముందు ట్రాక్ మొత్తం చేత్తో తిప్పుతూ ప్రతి క్లిప్పూ తడిమి చూడండి, గ్లవుజు వేసుకుని. ఒక్క విరిగిన క్లిప్పు చాలు, కొత్త స్లయిడ్‌ని వారాంతం తిరక్కుండానే పాడుచేస్తుంది.

చాలా స్లయిడ్ల పక్కన అరుగుదల గీత ఉంటుంది. ఆ గీతకి దగ్గరపడితే మార్చెయ్యడమే. ఇంకో రెండు రైడ్లు వస్తుందిలే అనుకుంటే రెయిల్ కొనాల్సి వస్తుంది.

టెన్షన్: అసలు సంగతి

ట్రాక్ పొడవు మారదు. అది చుట్టుకునే దారి మారుతుంది. పెద్ద చక్రం వేస్తే దారి పెరుగుతుంది. లిమిటర్ స్ట్రాప్ వదులు చేసినా, బిగించినా ముందు చెయ్యి కిందికో పైకో జరిగి దారి మారుతుంది. రెయిల్ ఎక్కించిన రంధ్రం మార్చినా అంతే. నడుము బెల్టు అదే రంధ్రంలో ఉన్నా నిండా తిన్నాక బిగుసుకున్నట్టే, టెన్షన్ సర్దే వెనక బోల్టు మీరు ముట్టుకోకపోయినా ట్రాక్ బిగుసుకుంటుంది. మన మిత్రుడు వెనక బోల్టుల్ని తాకలేదు కాబట్టి టెన్షన్ పాతదే ఉందనుకున్నాడు. లేదు.

బిగుతు ఎక్కువైతే క్లిప్పులు స్లయిడ్‌ని అదే పనిగా నొక్కుతాయి, వేడి పుడుతుంది, చక్రాల బేరింగులు పోతాయి, ఇంజన్ బలం కొంత రాపిడికే ఖర్చవుతుంది. వదులైతే ట్రాక్‌ని తిప్పే డ్రైవ్ పళ్ళ మీద ట్రాక్ జారి టకటక మని ఎగురుతుంది, ఆ పళ్ళకి ఆనుకునే ట్రాక్ లోపలి దిమ్మలు తెగుతాయి. ఇక్కడే చాలామంది పడే గొయ్యి ఉంది. చప్పుడు వినగానే ట్రాక్ బిగించేస్తారు. కొలవరు, బిగిస్తారు. చప్పుడు ఆగుతుంది, మనసు కుదుటపడుతుంది, స్లయిడ్ కాలడం మొదలవుతుంది. ఆ చప్పుడు అరిగిన డ్రైవ్ పళ్ళదీ కావచ్చు, పోయిన బేరింగుదీ కావచ్చు.

కొలిచే తీరు ఇది. మాన్యువల్ చెప్పిన చోట, చెప్పిన బరువుతో ట్రాక్‌ని కిందికి లాగి, స్లయిడ్ అడుగుకీ క్లిప్పు లోపలి ముఖానికీ మధ్య సందు కొలవాలి. కొన్ని కంపెనీలు 7.3 కిలోల బలంతో కొలవమంటాయి, కొన్ని సుమారు 4.5 కిలోలతో. కొలిచే చోటు కూడా ఒక్కో బండికి ఒక్కోలా ఉంటుంది. కాబట్టి పక్కవాడి బండి అంకె మీకు పనికిరాదు. చేత్తో నొక్కి "సరిగ్గానే ఉంది" అనడం కొలవడం కాదు. స్ప్రింగ్ త్రాసు ఒకటి కొనుక్కోండి. రెండు పక్కలా కొలవండి.

వరస కూడా ముఖ్యం. ముందు సస్పెన్షన్ పూర్తిగా సర్దండి: స్ప్రింగులు, స్ట్రాప్, షాక్ గాలి, మీరు పూర్తి సరంజామాతో కూర్చుంటే బండి ఎంత దిగుతోంది, అన్నీ. తర్వాత టెన్షన్. ఆఖర్న ట్రాక్ తిన్నగా తిరుగుతోందా లేదా. తిన్నగా తెచ్చేందుకు ఒక పక్క బోల్టు తిప్పారా, టెన్షన్ మళ్ళీ మారింది. మళ్ళీ కొలవండి.

ఇక మిగతావి

ఇవి ఒక వరసలో లేవు, గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు రాస్తున్నాను.

వెనక టోర్షన్ స్ప్రింగ్‌ని (మెలి తిరిగి పనిచేసే స్ప్రింగ్) స్క్రూడ్రైవర్‌తో లేపకండి. దానికి పనిముట్టు వేరే ఉంది. జారితే వేలు పోతుంది.

బండి వెనక భాగం లేపి ట్రాక్ తిప్పేటప్పుడు వెనక ఎవరూ ఉండకూడదు. పిల్లలసలే ఉండకూడదు. ఐసు మీద పట్టు కోసం ట్రాక్‌కి బిగించే మేకు, అదే స్టడ్డు, ఊడినా, ఐసు ముక్క ఎగిరినా తుపాకీ గుండుకి తీసిపోదు. వెడల్పాటి స్టాండు, వెనక అడ్డు ఉండాలి, స్కీలు గోడకి ఆనించాలి. ట్రాక్ మెల్లగా తిరిగితే చాలు, త్రాటిల్ నొక్కి పరీక్షించే పని కాదది.

నైట్రోజన్ నింపిన షాక్ ఇంట్లో విప్పకండి.

గాలి షాక్ ఒత్తిడి చూసేది సస్పెన్షన్ పూర్తిగా వేలాడుతున్నప్పుడే. బండి బరువు దాని మీదుంటే అంకె అబద్ధం చెబుతుంది.

మధ్యలో అదనపు బోగీ చక్రాలు (రెయిల్‌కి బిగించే, ట్రాక్ మీద దొర్లే చిన్న చక్రాలు) వేసుకోవడం మంచి పనే, మంచు తక్కువున్న చోట స్లయిడ్ మీద భారం దించడానికి అంతకన్నా మంచి మార్పు లేదు. కానీ రెయిల్‌కి మీ ఇష్టం వచ్చినచోట డ్రిల్లు పెట్టకండి. ముందు చెయ్యి, వెనక చెయ్యి బిగించిన బోల్టుల దగ్గర అల్యూమినియం అప్పటికే అలసిపోయి ఉంటుంది, పగుళ్ళు మొదలయ్యేదీ అక్కడే. రంధ్రాలున్న చోటే కూర్చునే కిట్ దొరుకుతుంది, అది కొనండి.

చక్రాలు వేశారా? టెన్షన్ మళ్ళీ కొలవండి.

పెద్ద చక్రాలో, బండిని కిందికి దించే కిట్టో వేస్తే స్ప్రింగ్ తీసి, సస్పెన్షన్ పూర్తిగా అణిచి చూడండి. ట్రాక్ గుబ్బలకీ, టన్నెల్‌లోని (ట్రాక్ పైన ఉండే బండి అడుగు భాగం) కూలెంట్‌ని చల్లార్చే హీట్ ఎక్స్ఛేంజర్‌కీ మధ్య ఎంత సందుందో కంటితో చూడాలి. స్టడ్డులుంటే ఆ సందు మరీ ముఖ్యం. ఎక్స్ఛేంజర్‌కి చిల్లు పడితే కూలెంట్ అంతా బాట మీదే పోతుంది.

కొత్త స్లయిడ్ చాలా బండ్లలో ముందు ఒక్క బోల్టుతోనే నిలుస్తుంది. వెనక జారుతోంది కదా అని అక్కడ స్క్రూ కొట్టకండి. ఈ ప్లాస్టిక్ వేడికి బాగా సాగుతుంది, రెండు కొసలూ కట్టేస్తే మధ్యలో ఉబ్బి రెయిల్ వదిలేస్తుంది.

స్లయిడ్‌కి గ్రీజు, నూనె, సిలికాన్ పుయ్యకండి. నిమిషాల్లో పోతుంది, ఇసుక పట్టుకుంటుంది. తొడిగేటప్పుడు సబ్బునీళ్ళు చాలు. గ్రీజు పెట్టాల్సింది సస్పెన్షన్ చేతులకున్న గ్రీజు నిపుల్స్‌కి.

స్క్రాచర్లు, అంటే రెయిల్‌కి తగిలించి నేలని గీరే కమ్మీలు, బిగించుకోండి. గట్టి బాట మీద, ఐసు మీద ఇవి గీరి లేపే పొడే మీ స్లయిడ్‌కి చల్లదనం, ఇంజన్‌కీ చల్లదనం. కార్లు తిరిగే రోడ్డు దాటేటప్పుడు వాటిని ఎత్తి కట్టండి. బిరుసు రకమైతే రివర్స్ వేసే ముందు ఎత్తి తీరాలి, లేకపోతే విరుగుతాయి.

కాలిన ప్లాస్టిక్ వాసన వస్తే ఉన్నచోటే టక్కున ఆగకండి. మెత్తబడ్డ స్లయిడ్ క్లిప్పులకి అంటుకుని గట్టిపడుతుంది. వేగం తగ్గించి, ప్రమాదం లేని చోట పక్కనున్న మెత్తటి మంచులోకి దించి, నెమ్మదిగా కొంతదూరం పోనిచ్చి అప్పుడు ఆపండి.

ఆగాక ట్రాక్ కదలకపోతే త్రాటిల్ నొక్కకండి. ఇంజన్ బలాన్ని ట్రాక్‌కి అందించే బెల్టు కాలుతుంది. ఇంజన్ ఆపి, వెనక భాగం పక్కలకి ఊపి, కొద్దిగా లేపి వదలండి.

టెథర్ తాడు ఒంటికి తగిలించుకోండి. మన మిత్రుడు పడిపోయాక ఇంజన్ ఆగింది దానివల్లే.

ఒక రోజు ఒకటే మార్చండి. స్ప్రింగ్, స్ట్రాప్, చక్రాలు కలిపి మార్చి బండి బాగోలేదంటే ఏది విప్పాలో ఎవరూ చెప్పలేరు. ఒకటి మార్చడం, టెన్షన్ కొలవడం, కాస్త దూరం నడపడం, స్లయిడ్ చూడడం. మళ్ళీ ఇంకొకటి.

లిమిటర్ స్ట్రాప్ అంచులు పీచులేస్తే కొత్తది వెయ్యండి. రెండు స్ట్రాపులుంటే రెండూ ఒకే రంధ్రంలో ఉండాలి.

ట్రాక్ కొత్తదైతే మొదటి కొన్ని రైడ్లలో సాగుతుంది. అప్పుడు ప్రతి రైడ్ తర్వాతా కొలవాలి.

మొదటి రైడ్ దగ్గర దూరమే పెట్టుకోండి. మెత్తటి మంచు ఉన్న చోటే. తిరిగొచ్చాక స్లయిడ్ ముందు వంపు దగ్గర, ముందు చెయ్యి దగ్గర వేలు పెట్టి చూడండి: నున్నగా మెరుస్తూ, అంచున ప్లాస్టిక్ పొర వేలాడుతోందంటే ఒత్తిడి అక్కడే పడుతోంది. ముందు స్ప్రింగ్ ప్రీలోడ్ ఒక మెట్టు తగ్గించండి. తగ్గించాక టెన్షన్ రెండు పక్కలా మళ్ళీ కొలిచి, అంకె, తేదీ, ఏం మార్చారో మాన్యువల్ అట్ట లోపల రాసి పెట్టుకోండి.