మార్చి క్లోజింగ్‌కి ముందు ఆఫీసు నాస్ స్పీడు పెంచుతున్నారా?

మార్చి 31 దగ్గర పడుతోంది. అకౌంట్స్ వాళ్లు "సర్వర్ స్లో" అని అప్పుడే మొదలుపెట్టారు. నాస్ (అందరి ఫైళ్లు ఉండే నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టె) మీద చెయ్యి వేసే ముందు ఇవి చూసుకోండి.

- బ్యాకప్ తీసి, అందులోంచి నాలుగు ఫైళ్లు వెనక్కి తెచ్చి తెరవండి. రెయిడ్ (ఒక డిస్క్ పోయినా డేటా నిలిచేలా డిస్కులను కలిపే పద్ధతి) ఉందిగా అనుకోవద్దు. డిస్క్ పోతే అది ఆదుకుంటుంది, రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వైరస్) వస్తే ఆదుకోదు. తెరిచి చూడని బ్యాకప్ నా లెక్కలో లేనట్టే.

- కొత్త హార్డ్ డిస్క్ కొంటే సీఎమ్ఆర్ (డేటా వరసలను పక్కపక్కనే రాసే) రకమేనా అని అడగండి. ఎస్ఎమ్ఆర్ (వరసలు ఒకదానిపై ఒకటి కొంచెం ఎక్కేలా రాసే రకం) చవకే కానీ, రెయిడ్ రీబిల్డ్‌లో, అంటే పోయిన డిస్క్ డేటాను కొత్తదానిలో మళ్లీ నింపేటప్పుడు, నత్తనడక.

- రైట్ క్యాష్‌కి (డిస్కులకు వెళ్లే ముందు డేటా కాసేపు ఆగే చోటు) ఒకే ఎస్ఎస్‌డీ (వేగమైన చిప్ డిస్క్) పెట్టొద్దు. అది పోతే డిస్కులకు ఇంకా చేరని డేటా కూడా పోతుంది. రెండు పెట్టి మిర్రర్ చేయండి, అంటే రెండింటిలోనూ అదే డేటా ఉండేలా.

- ఖర్చు పెట్టే ముందు కేబుల్ చూడండి. మా ఆఫీసులో వారం రోజులు తలలు పట్టుకున్నాం. చివరికి చూస్తే కుర్చీ చక్రం కింద నలిగిన వైరు! గిగాబిట్ లింకు 100 ఎంబీపీఎస్‌కి పడిపోయింది. కాపీ స్పీడు సెకనుకు 11 ఎంబీ దగ్గరే ఆగిపోతోందంటే మొదటి అనుమానం దాని మీదే.

- 10 గిగాబిట్ కార్డు ఒక్కటే కొంటే లాభం లేదు, నెట్‌వర్క్ స్విచ్ కూడా అంత స్పీడుది ఉండాలి.

- వాల్యూమ్ (నాస్‌లో ఫైళ్లు దాచే జాగా) 80 శాతం నిండితే పాత ఫైళ్లు వేరే చోటికి మార్చండి. నిండేకొద్దీ నెమ్మదిస్తుంది.

- స్క్రబ్ (డిస్కుల్లో డేటా పాడైందేమో నాస్ చేసే తనిఖీ), యాంటీవైరస్ స్కాన్ రాత్రికి మార్చండి. బ్యాకప్ టైమ్‌తో కలవకూడదు సుమా.

ఫర్మ్‌వేర్ (నాస్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అంటారా, ఏప్రిల్‌లో చూసుకుందాం.