పాత గాజు కొనేముందు చూడాల్సిన రెండు సినిమాలు

పాత గాజు పూలకూజాలు కొనడం మొదలుపెట్టిన కొత్తలో నాకు తెలిసిన పరీక్ష ఒక్కటే: ఒంటి మీద అతుకు గీత ఉంటే అచ్చులో పోసింది, లేకపోతే చేత్తో ఊదింది. ఆ లెక్కన ఒక నీలం కూజాకి గట్టి రేటే పెట్టాను. నా పరీక్షే తప్పని బెర్ట్ హాన్‌స్ట్రా 1958లో తీసిన ‘గ్లాస్’ చూశాక అర్థమైంది.

నెదర్లాండ్స్‌లోని లీర్‌డామ్ గాజు ఫ్యాక్టరీలో తీసిన డాక్యుమెంటరీ అది. పదకొండు నిమిషాలకు మించదు, మాటల వ్యాఖ్యానం లేదు, వెనక జాజ్ సంగీతం. 1960లో ఆస్కార్ కూడా వచ్చింది. మొదటిసారి హాయిగా చూసేయండి. రెండోసారి సౌండ్ ఆపేసి, పనివాళ్ల చేతులు మాత్రమే చూడండి. ఊదే గొట్టం తిరుగుతూనే ఉంటుంది. కరిగిన గాజు తీగపాకంలాంటిది, తిప్పడం ఆపితే ఒకవైపుకి జారిపోతుంది.

నా నీలం కూజా గుట్టు ఆ తిప్పడంలోనే ఉంది. తడిపిన చెక్క అచ్చులో గాజును తిప్పుతూ ఊదితే, మధ్యలో ఆవిరి పొర ఏర్పడి అచ్చు అతుకు గాజు మీద పడదు. అంటే గీత లేనంత మాత్రాన అచ్చు వాడలేదని కాదు. అందుకే కూజాను బోర్లించి చూడండి. మూతి సరిచేసేటప్పుడు అడుగున ఒక కడ్డీ అంటిస్తారు. దాన్ని విరిచిన చోట గరుకు మచ్చ మిగులుతుంది, లేదా దాన్ని అరగదీసిన నున్నటి గుంట కనిపిస్తుంది. మూతిని కోసి సానపట్టే రకాలకు ఈ కడ్డీ అవసరమే లేదు, కాబట్టి మచ్చ లేదని వెంటనే పక్కన పెట్టేయకండి.

సినిమాలో మిషన్ల భాగం కూడా వదలొద్దు. మెడ విరిగిన ఒక్క సీసాని ఇనప చెయ్యి పట్టుకోలేక తడబడుతుంటే వెనకవి వచ్చి పడి భళ్లున పగులుతుంటాయి. ఎన్నిసార్లు చూసినా నాకు నవ్వాగదు.

తర్వాత కంపెనీ పేరు సంగతి. ‘లీర్‌డామ్’ అనగానే పర్సు తీయకండి. 1878లో మొదలైన ఆ కంపెనీలోకి, తర్వాత డిజైనర్ అయిన ఆండ్రీస్ కోపియర్ 1914లో కుర్రాడిగా చేరాడు. 1930లో ఆయన గీసిన ‘గిల్డెగ్లాస్’ వైన్ గ్లాసులు రోజువారీ వాడకానికి. ‘యూనికా’ అనేవి ఒక్కొక్కటే చేసిన కళాఖండాలు. ఇంటిపేరు ఒకటే, ధరల్లో మాత్రం నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా.

రెండో సినిమా డేవిడ్ లీన్ వెనిస్‌లో తీసిన ‘సమ్మర్‌టైమ్’, 1955లో విడుదలైంది. పద్దెనిమిదో శతాబ్దపుదని కాథరిన్ హెప్‌బర్న్ ఒక ఎర్ర గాజు పాత్ర కొనుక్కుంటుంది. తర్వాత తోటి టూరిస్టులు అచ్చం అలాంటివే కొత్తవి వెనిస్ పక్కనున్న మురానో దీవి నుంచి తెస్తారు. ఆమె మొహం చూసి నా నీలం కూజానే గుర్తొచ్చింది. 1291 నుంచి గాజు కొలుములు మండుతున్న దీవి మురానో. పాత డిజైన్లను మళ్లీ మళ్లీ చేస్తూనే ఉంటారు, ఆకారం పాతదైనంత మాత్రాన వస్తువు పాతది కాదు.

వయసు తేల్చడానికి భూతద్దంతో అడుగు అంచు చూడండి. బల్లకి ఆనే చోట మాత్రమే, చిన్నా పెద్దా గీతలు ఇష్టమొచ్చిన దిక్కుల్లో ఉంటే అది ఏళ్లతరబడి వాడిన అరుగుదల. ఉప్పుకాగితంతో రుద్దినవైతే గీతలన్నీ ఒకేలా, ఒకే దిక్కుకి ఉంటాయి.

నా నీలం కూజావి ఒకే దిక్కుకి ఉన్నాయి.