వ్యాన్ ఈసీఎం నిజంగానే పోయిందా? పరీక్షించే పద్ధతి, మార్చే పద్ధతి

సరుకు మోసే డీజిల్ వ్యాన్ దారిలో ఆగిపోయి, సెల్ఫ్ బాగా తిరుగుతున్నా ఇంజిన్ స్టార్ట్ కాకపోతే, చాలా షెడ్లలో తొందరగా వినిపించే మాట "ఈసీఎం పోయింది" అన్నదే. ఇంజిన్‌ను నడిపించే ఈ కంప్యూటర్ ధర వేలల్లో ఉంటుంది. అంత ఖర్చుపెట్టి కొత్తది బిగించాక కూడా అదే లోపం కనిపిస్తే, యజమానికి డబ్బుతో పాటు బాడుగలు కూడా పోతాయి. అందుకే ఈసీఎంను అన్నిటికన్నా చివర అనుమానించాలి. దానికి అందవలసిన కరెంటు, ఎర్త్, సెన్సర్ వైర్లు అన్నీ సరిగ్గా ఉన్నాయని రుజువయ్యాకే దానిమీద తీర్పు చెప్పాలి. ఈ వివరాలు 12 వోల్టుల బ్యాటరీతో నడిచే కామన్ రైల్ (అధిక పీడనంలో డీజిల్‌ను ఒకే పైపులో నిల్వ ఉంచి ఇంజెక్టర్లన్నిటికీ పంచే పద్ధతి) డీజిల్ వ్యాన్లకూ పికప్‌లకూ వర్తిస్తాయి. పిన్ నంబర్ల కోసం మాత్రం మీ మోడల్ వైరింగ్ డయాగ్రమ్ దగ్గర పెట్టుకోవాలి.

మొదటి పరీక్షకు పనిముట్లు అక్కరలేదు. తాళం ఆన్ చేయగానే మీటర్‌లో చెక్ ఇంజిన్ లైటు వెలగాలి. ఆ లైటు వెలగక, లోపం కోడ్లు చదివే స్కానర్ కూడా ఈసీఎంతో మాట్లాడలేకపోతే, ఈసీఎంకు కరెంటు అందకపోవడమో, క్యాన్ లైన్ (బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వైర్ల జత) తెగడమో, ఈసీఎం చచ్చిపోవడమో జరిగి ఉండవచ్చు. లైటు వెలిగి, స్కానర్ కోడ్లు చదువుతుంటే ఈసీఎం కనీసం ప్రాణంతో ఉన్నట్టే. పి0606, పి0601 వంటి కోడ్లు ఈసీఎం లోపలి లోపాన్ని సూచిస్తాయి కానీ, బ్యాటరీ నీరసించినప్పుడు కూడా ఇవి పడే అవకాశం ఉంది కనుక, వాటిని చెరిపి, పూర్తిగా చార్జ్ అయిన బ్యాటరీతో మళ్లీ వస్తున్నాయో లేదో చూడాలి. యు0100 కోడ్ బండిలోని వేరే మాడ్యూళ్లలో (చిన్న కంప్యూటర్లలో) కనిపిస్తే, అవి ఈసీఎం గొంతు వినలేకపోతున్నాయని మాత్రమే అర్థం.

ఆ తరువాత బ్యాటరీ. ఇంజిన్ ఆపి కొంతసేపు ఉంచిన బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపాలి, సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6కి తగ్గకూడదు. ఇంజిన్ నడిచే బండిలో చార్జింగ్ సుమారు 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టి బ్యాటరీ దగ్గరే కొలిచినప్పుడు అర వోల్టుకు మించి చూపితే ఆల్టర్నేటర్ డయోడ్లు పాడైనట్టు భావించవచ్చు. ఆ అలజడి ఈసీఎంను తికమక పెడుతుంది.

అసలు నిజం బయటపడేది ఎర్త్ పరీక్షలో. ఓమ్ మీటర్‌తో వైరు రెండు కొసలూ కలిపి చూసి "బాగానే ఉంది" అనడం సరిపోదు, ఎందుకంటే పాతిక పోగులున్న వైరులో ఇరవై నాలుగు తెగి ఒక్కటే మిగిలినా మీటర్ సున్నాకు దగ్గరగానే చూపుతుంది. కరెంటు ప్రవహిస్తుండగా కొలవాలి. మల్టీమీటర్ నల్ల వైరును బ్యాటరీ నెగటివ్ కొనమీద, ఎర్ర వైరును ఈసీఎం కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్) వెనుకనుంచి సన్నని పిన్‌తో ఎర్త్ పిన్నుకు తాకించి, ఒకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.1 వోల్టుకు మించి చూపితే ఆ ఎర్త్ దారిలో ఎక్కడో తుప్పుగాని, వదులైన బోల్టుగాని ఉంది. ఈసీఎం కరెంటు పిన్నులకు కూడా ఇదే పద్ధతి, అక్కడ బ్యాటరీ పాజిటివ్‌తో పోల్చి చూడాలి. మరింత నమ్మకం కావాలంటే కప్లర్ ఊడదీసి, 21 వాట్ల ఇండికేటర్ బల్బును కరెంటు పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య కలపండి. బల్బు పూర్తి వెలుగుతో వెలిగితే ఆ రెండు వైర్లూ బరువు మోయగలవు, మసకగా వెలిగితే మోయలేవు. ఈ పరీక్షకు మాత్రం తాళం ఆన్‌లోనూ, ఆఫ్‌లోనూ కరెంటు ఉండే పిన్నును ఎంచుకోవాలి. చాలా బండ్లలో మెయిన్ రిలేను (ఈసీఎంకు కరెంటు ఇచ్చే స్విచ్‌ను) ఈసీఎమ్మే లాగుతుంది కనుక, కప్లర్ ఊడదీస్తే ఆ రిలే ద్వారా వచ్చే పిన్నులో కరెంటు ఉండదు.

చాలామంది వదిలేసేది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది 5 వోల్టుల లైన్. ఈసీఎం తన సెన్సర్లకు ఈ 5 వోల్టులు ఇస్తుంది. రైల్ ప్రెషర్ సెన్సర్, బూస్ట్ సెన్సర్, యాక్సిలరేటర్ పెడల్ వంటివి దాని మీదనే పనిచేస్తాయి. వాటిలో ఒక్కటి లోపల షార్ట్ అయినా, దాని వైరు ఇంజిన్ బ్లాకుకు రాసుకొని ఒరిసిపోయినా, ఆ లైన్ మొత్తం పడిపోయి, పి0641 లేదా పి0651 కోడ్ రావచ్చు, ఒక్కోసారి ఈసీఎం స్కానర్‌కు కూడా జవాబివ్వకుండా పోతుంది. అప్పుడు అది చచ్చినట్టే కనిపిస్తుంది. తాళం ఆన్ చేసి, ఏదో ఒక సెన్సర్ కప్లర్‌లో 5 వోల్టులు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే మీటర్‌ను అక్కడే ఉంచి, ఆ లైన్ మీది సెన్సర్లను ఒక్కొక్కటిగా ఊడదీయండి. ఏది తీయగానే 5 వోల్టులు తిరిగి వస్తే దోషి అదే. అన్నీ తీసినా రాకపోతే వైరింగ్‌ను వెదకాలి, ఆ లైన్‌ను ఈసీఎం కప్లర్ దగ్గర నుంచి వేరుచేసి, ఈసీఎం వైపు కొలిచినా రాకపోతేనే ఈసీఎంకు అనుమానం తిరుగుతుంది.

క్యాన్ లైన్‌కు బ్యాటరీ నెగటివ్ ఊడదీసి, ఓబీడీ పోర్టు (స్కానర్ తగిలించే సాకెట్) 6, 14 పిన్నుల మధ్య ఓమ్‌లు కొలవాలి. దాదాపు 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే లైన్ రెండు చివరల్లో ఉండే నిరోధాల్లో ఒకటి తెగింది, సున్నాకు దగ్గరగా వస్తే రెండు వైర్లు కలిసిపోయాయి. తరువాత బ్యాటరీ నెగటివ్ తిరిగి కలిపి, పోర్టు 16వ పిన్నులో బ్యాటరీ కరెంటు, 4, 5 పిన్నుల్లో ఎర్త్ ఉన్నాయో కూడా చూడాలి. అవి లేకపోతే స్కానర్ ఎంత మంచిదైనా పనిచేయదు.

కప్లర్‌ను విప్పి వెలుతురులో చూడటం ఎన్ని మీటర్లకన్నా విలువైన పని. ఆకుపచ్చ చిలుము పట్టిన పిన్నులు, నీటి మరకలు, వెడల్పైపోయి పట్టు తప్పిన సాకెట్లు, ఎలుక కొరికిన వైర్లు కనిపిస్తాయి. కోస్తా జిల్లాల ఉప్పుగాలి బండ్లలో చిలుము తరచుగా కనిపిస్తుంది. పిన్నుల చుట్టూ జిడ్డు ఉంటే, ఇంజిన్ మీది ఏదో సెన్సర్ సీలు కారి, ఆయిల్ వైరు లోపలి పోగుల వెంట పాకుతూ ఈసీఎం వరకు వచ్చిందని గుర్తుపట్టాలి. ఇంజిన్ వేడెక్కాకే ఆగిపోయే బండికి, ఈసీఎంను హెయిర్ డ్రయ్యర్‌తో మెల్లగా వేడిచేసి లోపం వస్తుందేమో చూడవచ్చు. వస్తే లోపలి టంకం బీటలు వారి ఉండవచ్చు.

ఇన్ని పరీక్షలు దాటినా లోపం పోకపోతే ఈసీఎం మార్చాలి. అయితే పాతది ఎందుకు పోయిందో తెలియకుండా కొత్తది బిగించవద్దు. షార్ట్ అయిన ఇంజెక్టర్ కాయిల్, 15 వోల్టులు దాటి చార్జ్ చేస్తున్న ఆల్టర్నేటర్, బ్యాటరీ ఊడదీయకుండా తొట్టికి చేసిన వెల్డింగ్, తలకిందులుగా పెట్టిన జంపర్ వైర్లు, ఇవన్నీ కొత్తదానినీ కాల్చగలవు. ఇంజెక్టర్ కాయిల్ నిరోధం ఒక ఓమ్‌కన్నా తక్కువ ఉండే ఇంజిన్లు చాలా కనుక, అన్ని ఇంజెక్టర్లనూ ఒకదానితో ఒకటి పోల్చి, ఏదీ బాడీకి కలవలేదని నిర్ధారించుకోవాలి. ఇంజిన్ నడుస్తుండగా ఇంజెక్టర్ వైర్లను తాకవద్దు, అక్కడ ప్రమాదకరమైన వోల్టేజీ ఉంటుంది. రైల్ పైపును అసలే వదులు చేయవద్దు, అందులో వెయ్యి బార్లకు మించిన పీడనం ఉండగలదు.

పాత ఈసీఎం ఇంకా మాట్లాడుతుంటే, ఊడదీయకముందే స్కానర్‌తో ఛాసిస్ నంబరు, సాఫ్ట్‌వేర్ నంబరు, ఇంజెక్టర్ కోడ్లు (ఒక్కో ఇంజెక్టర్‌కు ఉండే సవరణ కోడ్లు), డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) విలువలు సేవ్ చేసుకోండి. మాట్లాడకపోతే ఇంజెక్టర్ల తలమీద చెక్కిన కోడ్లను ఫోటో తీసుకోండి. హార్డ్‌వేర్ నంబరు అక్షరం తేడా లేకుండా సరిపోవాలి (బాష్ డీజిల్ ఈసీఎంల మీద ఇది 0281తో మొదలవుతుంది). 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 బండికి బీఎస్-4 ఈసీఎం సరిపోదు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట పాత సామాన్లలో దొరికేదానిని కొనేటప్పుడు ఇమ్మొబిలైజర్‌ను (సరైన తాళం కాకపోతే ఇంజిన్‌ను స్టార్ట్ కానివ్వని రక్షణను) మీ తాళానికి కలిపి ఇస్తారా అని ముందే అడగండి. కలపకపోతే ఆ పెట్టె బిగించినా ఇంజిన్ స్టార్ట్ కాదు.

బిగించే పని పెద్దది కాదు. తాళం ఆఫ్ చేసి, ఈసీఎం నిద్రపోయే వరకు కొన్ని నిమిషాలు ఆగి, బ్యాటరీ నెగటివ్ ఊడదీయాలి. శరీరంలోని స్టాటిక్ పోయేందుకు బాడీ ఇనుమును తాకాలి. కప్లర్ల లీవర్లను పూర్తిగా ఎత్తి తీయాలి, బలవంతంగా లాగకూడదు. ఈసీఎం అడుగున ఉండే ఎర్త్ బోల్టు చోటును ఉప్పుకాగితంతో మెరిసేలా రుద్దాలి. కప్లర్ లీవర్ చివరి వరకు పడి "టక్" మనాలి. సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు బ్యాటరీకి స్థిరమైన చార్జర్, ల్యాప్‌టాప్‌కు కరెంటు తప్పనిసరి. మధ్యలో వోల్టేజీ పడితే కొత్త ఈసీఎం కూడా చచ్చిపోవచ్చు. ఆ తరువాత ఇంజెక్టర్ కోడ్లు వరుస తప్పకుండా ఎక్కించి, ఇమ్మొబిలైజర్ కలిపి, లోపం కోడ్లు చెరపాలి.

ఇంజిన్ స్టార్ట్ అయ్యాక ఇంజిన్ వేడెక్కే వరకు ఐడిల్‌లో ఉంచి, రైల్ ప్రెషర్ కోరిన విలువ, వచ్చిన విలువ రెండూ దగ్గరగా ఉన్నాయో స్కానర్‌లో చూడండి. బరువు వేసుకొని ఒక చుట్టు తిరిగివచ్చి పెండింగ్ కోడ్లను మళ్లీ చదవండి. పాత ఈసీఎంను వెంటనే ఎవరికీ ఇవ్వకుండా దాచి ఉంచండి, కొత్తదానిలో ఏదైనా విలువ సరిచేయవలసి వస్తే దానిలోని డేటా పనికివస్తుంది.