ట్రాక్ డేలో పై గ్రూపుకి ఎప్పుడు మారాలి?

ట్రాక్ డే అంటే రేస్ ట్రాక్ మీద మన బైక్‌ని మనమే నడుపుకునే రోజు, అనుభవాన్ని బట్టి నడిపేవాళ్లని గ్రూపులుగా విడదీస్తారు. ల్యాప్ టైమ్ ఒక్కటే చూసి పై గ్రూపుకి మారకండి. పెద్ద ఇంజిన్ ఉంటే స్ట్రెయిట్‌లో ఎవరినైనా దాటేయొచ్చు. మీరు మలుపుల్లో ఎలా నడుపుతున్నారో చూసుకోండి.

వరసగా నాలుగైదు ల్యాపులు ఒకటి రెండు సెకన్ల తేడాలోనే వస్తున్నాయా? ప్రతిసారీ అదే చోట బ్రేక్ పట్టి, అదే ఏపెక్స్‌ని (మలుపు లోపలి అంచుకి బాగా దగ్గరగా వెళ్లే చోటు) తాకుతున్నారా? మలుపులో ఉండగానే మార్షల్ (ట్రాక్ పక్కన నిలబడి జెండాలతో హెచ్చరించే మనిషి) చేతిలో జెండా కనిపిస్తోందా? ఈ చివరిది చాలామంది పట్టించుకోరు కానీ, నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది ఇదే. జెండా కంటపడటం లేదంటే ఉన్న ధ్యాసంతా బండి మీదే ఖర్చైపోతోందన్నమాట. అలాంటప్పుడు వేగం పెంచడం ప్రమాదం.

ఇంకొకటి, ఓవర్‌టేకింగ్ రూల్స్. కొత్తవాళ్ల గ్రూపులో సాధారణంగా స్ట్రెయిట్‌లోనే దాటనిస్తారు. పైకి వెళ్లేకొద్దీ మలుపులో బయటి వైపు నుంచి, ఆఖరి గ్రూపులో చాలాచోట్ల లోపలి నుంచి కూడా దూసుకొస్తారు. బండి వంచి ఉండగా పక్కనుంచి ఎవరైనా వెళ్తే మీరు ఉలిక్కిపడి థ్రాటిల్ వదిలేస్తున్నారా? అయితే ఇంకొన్నాళ్లు ఆగండి. దాటేవాళ్లే జాగ్రత్తగా దాటాలి, మీ పని మీ లైన్‌లో నిలకడగా ఉండటం.

అనుమానంగా ఉంటే ఇన్‌స్ట్రక్టర్‌ని ఒక సెషన్ మీ వెనకాలే రమ్మని అడగండి. ఆయన సరేనంటే, ఒంట్లో ఓపిక ఉన్న పూట పై గ్రూపులో ఒక్క సెషన్ చేసి చూడండి. టెన్షన్‌గా అనిపిస్తే తర్వాతి సెషన్‌కే పాత గ్రూపుకి వచ్చేయొచ్చు, సాధారణంగా నిర్వాహకులు కాదనరు.