కాలువ వెంట వెళ్లండి: చిన్న హిస్పానిక్ పల్లె గురించి ఒక పేజీ రాసే పద్ధతి

ఉప్పల్‌లో మా ఆఫీసులో అమెరికా కౌంటీల (మన జిల్లాల్లాంటివి) భూముల మ్యాపులు గీస్తాం. రాత్రి షిఫ్టు. పదకొండేళ్లుగా నాది ఇదే పని. ప్రతి మ్యాపుకూ జతగా ఆ ఊరి గురించి ఒక పేజీ రాసివ్వాలి: ఊరెక్కడుంది, నేల ఎలాంటిది, జనం ఎంతమంది, వాళ్లెవరు. పెద్ద ఊళ్లకైతే గంటలో అయిపోతుంది. ఆరొందల మంది ఉన్న హిస్పానిక్ (స్పానిష్ భాషా మూలాలున్న జనం) పల్లెకు మాత్రం నాకు ఇప్పటికీ మూడు రాత్రులు పడుతుంది. మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి "అక్కా, ఇది ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగితే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను. జాగ్రఫీ ప్రాజెక్టు చేసే పిల్లలకు కూడా పనికొస్తుంది.

ఉదాహరణకు కొలరాడో రాష్ట్రంలోని సాన్ లూయిస్ తీసుకుందాం. స్పానిష్ మాట్లాడే కుటుంబాలు 1851లో వచ్చి కట్టుకున్న ఊరు. ఆ రాష్ట్రంలో అప్పటి నుంచి ఇప్పటిదాకా జనం ఉంటూ వస్తున్న పట్టణాల్లో ఇదే అన్నిటికన్నా పాతది. కోస్టియా కౌంటీకి ఇదే కేంద్రం.

ముందుగా జనాభా పట్టిక తెరవకండి. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడండి. సాన్ లూయిస్ దాదాపు 8,000 అడుగుల ఎత్తులో ఉంది, అంటే మన ఊటీ కన్నా పైన. ఆ లోయలో చాలాచోట్ల ఏడాదికి 180 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. హైదరాబాద్‌లో 800 పడుతుంది. వాన లేని చోట పంటలెలా పండుతున్నాయి అన్న ప్రశ్న మీకు అక్కడే రావాలి. తూర్పున సాంగ్రే దె క్రిస్తో కొండలున్నాయి. చలికాలమంతా వాటి మీద మంచు పేరుకుని, మే, జూన్ నెలల్లో కరిగి కులేబ్రా వాగులోకి దిగుతుంది. ఆ వాగు నుంచి తవ్వుకున్న కాలువల మీదే ఊరు బతికింది.

ఆ కాలువను వాళ్లు అసేకియా అంటారు. మాట స్పానిష్‌లోకి అరబ్బీ నుంచి వచ్చింది, అక్కడ అది సాకియా. ఈ మాట నేను పైకి చదువుతుంటే పక్క సీటులో ఉన్న ఉర్దూ మాట్లాడే భాయ్ "అరే, సాఖీ కూడా అదే కదా" అన్నాడు. నిజమే, పాత్రలో మద్యం పోసి ఇచ్చే సాఖీ, పొలానికి నీళ్లు తెచ్చే సాకియా ఒకే ధాతువు నుంచి పుట్టాయి. కాలువ చూసుకునే మనిషిని మయోర్‌దోమో అంటారు. ఎవరి పొలానికి ఎప్పుడు నీళ్లు వదలాలో చెప్పేది ఆయనే. ప్రతి వసంతంలో నీళ్లు రాకముందే అందరూ కలిసి కాలువ పూడిక తీస్తారు. ఈ మాటలు చదివినప్పుడు నాకు మా తాత కళ్లముందు కనబడ్డాడు. నల్గొండ దగ్గర మా ఊరి చెరువుకు ఆయన నీరటి. భుజం మీద పార వేసుకుని తెల్లారకముందే తూము దగ్గరికి వెళ్లేవాడు. పెద్ద రైతు వచ్చి గద్దించినా వంతు దాటి మడికి నీళ్లు వదిలేవాడు కాదు. అందుకే ఊరి పేజీలో కాలువ పేరు, దాని ఏడాది తప్పకుండా రాయమంటాను. సాన్ లూయిస్ పీపుల్స్ డిచ్ అనే కాలువకు నీటి హక్కు 1852 ఏప్రిల్ 10 నాటిది. కొలరాడోలో అదే మొదటి హక్కు. కొలరాడో రాష్ట్రమైంది 1876లో.

రెండో పని, పొలాల గట్లు చూడటం. కౌంటీ పార్సిల్ మ్యాపు (ఎవరి భూమి హద్దు ఎక్కడో చూపేది) ఏ-3 కాగితం మీద ప్రింటు తీసుకోండి. స్క్రీన్ మీద జూమ్ చేస్తూ పోతే ఆకారం దొరకదు. నీలం పెన్సిల్‌తో కాలువలు దిద్దండి, ఎర్ర పెన్సిల్‌తో గట్లు. అమెరికాలో ఎక్కువ భాగం సర్కారు గళ్ల పద్ధతిలో కొలిచారు: ఆరు మైళ్ల చదరం ఒక టౌన్‌షిప్, అందులో 640 ఎకరాల చొప్పున 36 గళ్లు. సాన్ లూయిస్ దగ్గర మీ ఎర్ర గీతలు అలా రావు. వాగు ఒడ్డు నుంచి మొదలై మెరక దాకా సాగే సన్నటి పొడుగాటి పట్టీలు వస్తాయి, చీర మడతలు పక్కపక్కన పెట్టినట్టు. వెడల్పును వారాల్లో కొలిచారు. వార అంటే మనకు తెలిసిన వారం కాదు, సుమారు 33 అంగుళాల స్పానిష్ కొలత. ప్రతి కుటుంబానికీ కాస్త వాగు, కాస్త మాగాణి, కాస్త మెట్ట దక్కాలని అలా పంచుకున్నారు. మ్యాపు మీద ఈ పట్టీలు కనబడ్డాయంటే ఆ ఊరు అమెరికా సర్వేయర్ గొలుసు కన్నా ముందు పద్ధతిలో పుట్టిందని ధైర్యంగా రాయొచ్చు.

అదే కౌంటీలో ఇంకో రకం గళ్లు కూడా కనిపిస్తాయి, జాగ్రత్త. వందల రోడ్లు, వేల ఐదెకరాల ప్లాట్లు, ఇళ్లు మాత్రం ఎక్కడో ఒకటి. ఎక్కడెక్కడి వాళ్లకో అమ్మిన వెంచర్లు అవి. యాదగిరిగుట్ట రోడ్డులో హద్దురాళ్లు పాతి వదిలేసిన వెంచర్లు చూసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. రోడ్లున్నాయని జనం ఉన్నారనుకోవద్దు. శాటిలైట్ బొమ్మలో ఇళ్ల కప్పులు లెక్కపెట్టండి.

ఉమ్మడి నేల గురించి కూడా అడగండి. మన ఊళ్లలో బంచరాయి ఉన్నట్టే సాన్ లూయిస్‌కు లా వేగా అనే 600 ఎకరాలకు పైబడిన మేత భూమి ఉంది. కొండ మీద కట్టెలు కొట్టుకునే, పశువులు మేపుకునే హక్కులు 1863 నాటి పత్రంలో రాసి ఉన్నాయి. 1960లో ఆ కొండ కొన్న ఆసామి ఊరివాళ్లను రానివ్వలేదు. కోర్టులో దశాబ్దాలు నడిచి, 2002లో కొలరాడో సుప్రీంకోర్టు ఆ హక్కుల్ని ఊరివాళ్లకు తిరిగి ఇచ్చింది. జనాభా పట్టికలో ఈ విషయం ఏ గడిలోనూ ఉండదు. మీ పేజీలో ఉండాలి.

ఇప్పుడు అంకెలకు వద్దాం. ముందు హద్దు ఎవరిదో తేల్చుకోండి. సాన్ లూయిస్ చట్టప్రకారం పట్టణం, విస్తీర్ణం చదరపు మైలు కూడా నిండదు. అదే కౌంటీలో ఫోర్ట్ గార్లండ్ అలా కాదు. దానికి పురపాలన లేదు, సెన్సస్ వాళ్లు లెక్క కోసం గీత గీసి సీడీపీ (సెన్సస్ డిజిగ్నేటెడ్ ప్లేస్) అని పేరు పెట్టారు. కులేబ్రా వెంట ఉన్న సాన్ పాబ్లో, చామా లాంటి వాడల జనం సాన్ లూయిస్ అంకెలోకి రారు. అదే కాలువల లోకం, అవే చుట్టరికాలు, పట్టికలో మాత్రం బయటివాళ్లు. కాబట్టి ఊరి అంకె, కౌంటీ అంకె రెండూ ఇవ్వండి. 2020లో ఊరు 598, కౌంటీ 3,499. కౌంటీలో చదరపు కిలోమీటరుకు ఒక్కరు పడతారు. 2011 లెక్కల్లో మన హైదరాబాద్ జిల్లాలో చదరపు కిలోమీటరుకు 18 వేల పైన ఉన్నారు.

సాన్ లూయిస్ 2000లో 739, 2010లో 629. ఇరవై ఏళ్లలో 141 మంది తగ్గారు. శాతం రాసేటప్పుడు పక్కనే మనుషుల సంఖ్య కూడా రాయండి. 19 శాతం అంటే ఊరు కూలిపోయినట్టు వినబడుతుంది, 141 మంది అంటే ఓ నలభై యాభై ఇళ్లు. ఇంకో సంగతి. ఎవరి వివరాలు ఎవరివో బయటపడకుండా 2020లో చిన్న ప్రాంతాల అంకెల్లో సెన్సస్ వాళ్లే కావాలని కొద్దిపాటి తేడా కలిపారు. నలుగురైదుగురి తేడా మీద కథ అల్లకండి. ఆదాయం, చదువు లాంటివి అమెరికన్ కమ్యూనిటీ సర్వేలో ఐదేళ్ల సగటుగా వస్తాయి. ఆరొందల మంది ఊళ్లో ఆ సర్వే ఏ కొన్ని ఇళ్లకో వెళ్తుంది, అందుకే మార్జిన్ ఆఫ్ ఎర్రర్ (అంకె ఎంత అటూ ఇటూ కావొచ్చో చెప్పేది) అసలు అంకె కన్నా పెద్దదిగా కూడా ఉండొచ్చు. అలాంటప్పుడు నేను ఆ అంకె వదిలేస్తాను.

హిస్పానిక్ లెక్క దగ్గర నేను మొదటి ఏడాది తప్పు చేశాను. తెల్లవాళ్లు, హిస్పానిక్‌లు, ఇతరులు అని ఒకే గుండ్రటి చార్ట్ గీశాను. వాటాలు కలిపితే నూరు దాటిపోయాయి, క్లయింట్ వెనక్కి పంపాడు. ఆ రాత్రి పడ్డ టెన్షన్ ఇంకా గుర్తుంది. అమెరికా సెన్సస్‌లో 2020 దాకా జాతి (రేస్) ఒక ప్రశ్న, హిస్పానిక్ మూలం వేరే ప్రశ్న. హిస్పానిక్ మనిషి ఏ జాతి గడిలోనైనా టిక్ పెట్టొచ్చు. అందుకని రెండు చార్టులు గీయండి. హిస్పానిక్ ప్రశ్నను ఇంటింటికీ అడగడం 1980 నుంచే మొదలైంది, అంతకుముందు అంకెలతో పోల్చకండి. 2024లో రెండు ప్రశ్నల్నీ కలిపేయాలని నిర్ణయించారు కాబట్టి ముందు ముందు పోలికలు ఇంకా కష్టం. పైగా 2020లో హిస్పానిక్‌లు దేశం మొత్తం మీద సుమారు 5 శాతం తక్కువగా లెక్కకొచ్చారని సెన్సస్ వాళ్ల సొంత పరిశీలనలోనే తేలింది.

మా టీమ్‌లోని ఆ కొత్త అమ్మాయి మొదటి డ్రాఫ్టులో "మెక్సికో నుంచి వలస వచ్చిన జనం" అని రాసింది. ఆ మాట కొట్టేయించాను. ఆ నేల 1848లో గ్వాదలూపె హిదాల్గో ఒప్పందంతో అమెరికా చేతికి వచ్చింది. 1851లో వచ్చినవాళ్లు న్యూ మెక్సికో నుంచి, అంటే అప్పటికే అమెరికా అయిన చోటి నుంచి వచ్చారు. మా తాత పుట్టినప్పుడు నిజాం రాజ్యం, పెళ్లినాటికి హైదరాబాద్ స్టేట్, మా అమ్మ పుట్టేసరికి ఆంధ్రప్రదేశ్, ఇప్పుడు తెలంగాణ. తాత మాత్రం ఊరు దాటి కాపురం పెట్టలేదు. అలా చెప్పాక ఆ అమ్మాయికి వెంటనే తెలిసింది. అన్ని హిస్పానిక్ పల్లెలూ ఇలాంటివే అనుకోకండి. కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలో కూలీల ఊళ్లు పంట సీజన్లో నిండుతాయి, ఏప్రిల్ 1 నాటి సెన్సస్ లెక్క అక్కడ సగం కథే. టెక్సాస్ సరిహద్దులోని కొలోనియాల్లో (సరైన సదుపాయాలు లేకుండా వెలసిన కాలనీల్లో) చాలాచోట్ల మొదట చూడాల్సింది తాగునీరు, మురుగు పైపు ఉన్నాయా లేదా అని.

మూడో రాత్రి ఆ అమ్మాయి రాసిన మొదటి పేరా ఇది. మీరూ ఇలా మొదలుపెట్టొచ్చు: "సాన్ లూయిస్, కులేబ్రా వాగు మీద 1851లో వెలసిన ఊరు. 1852 నాటి కాలువ ఇప్పటికీ పారుతుంది. పొలాలు వాగు నుంచి మెరకకు సన్నటి పట్టీలుగా ఉన్నాయి. ఊరి హద్దులో 2020 ఏప్రిల్ 1న 598 మంది. అదే నీళ్లు వాడుకునే పక్క వాడల జనం ఈ అంకెలో లేరు."