పడగ్గదికి వైఫై అందించిన తీరు

రౌటర్ టీవీ వెనకో ఇనుప బీరువా పక్కనో ఉంటే సెట్టింగులు ఎన్ని మార్చినా దండగే. ముందు దాన్ని హాల్లో, ఐదారు అడుగుల ఎత్తున, గుమ్మాలకు ఎదురుగా పెట్టాను. యాంటెన్నాలు నిలువుగా ఉండాలి. సిగ్నల్ వాటి కొన నుంచి కాదు, పక్కలకు పోతుంది. జరిపేటప్పుడు ఫైబర్ వైరును మడవకండి, లోపలి గాజు విరుగుతుంది.

తర్వాత బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొట్టి రౌటర్ సెట్టింగులు తెరిచాను (మీది వేరైతే రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది). 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో (వైఫై వాడే రేడియో తరంగాల శ్రేణి) ఛానెల్‌ను రౌటరే ఎంచుకునే ఆటో తీసేసి 1, 6, 11 ఛానెళ్లలో రద్దీ తక్కువున్నది ఎంచుకున్నాను, ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్. అపార్టుమెంట్లో 40 పెడితే పక్కింటి రౌటర్లతో కొట్లాటే. 3వ ఛానెల్ ఖాళీగా కనబడినా వద్దు: అటు 1తోనూ ఇటు 6తోనూ తగులుకుంటుంది.

5 గిగాహెర్ట్జ్ బ్యాండుకి 80 మెగాహెర్ట్జ్ వెడల్పు చాలు. అయితే దాని సిగ్నల్ స్లాబు దాటి నిలవదు. పై అంతస్తులోని పడగ్గదికి ఒకే బ్యాండు రిపీటర్ (సిగ్నల్‌ను అందుకుని తిరిగి పంపే పెట్టె) కొనకండి, వేగం సగానికి పడిపోతుంది. హాల్లోని రౌటర్ నుంచి పైకి క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్ లాగి, అక్కడ పెట్టిన పాత రౌటర్‌లో డీహెచ్‌సీపీ (పరికరాలకు ఐపీ అడ్రసులు పంచే సెట్టింగు) ఆపి, దాని ఐపీ (నెట్‌వర్క్‌లో దాని అడ్రసు) 192.168.1.2గా మార్చి, కేబుల్‌ను వ్యాన్ పోర్టులో (ఇంటర్నెట్ లైను పెట్టేది) కాకుండా ల్యాన్ పోర్టులో (ఇంట్లోని పరికరాలకు ఉండేది) పెట్టాను.

అక్కడ స్పీడ్ 94 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతే వైఫైని తిట్టకండి. పాత రౌటర్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దై ఉండాలి, లేదా కేబుల్లోని ఎనిమిది తీగల్లో ఒకటి క్రింపింగ్‌లో (కొనకు ప్లగ్ బిగించేటప్పుడు) సరిగా పడి ఉండదు.